మహిళా క్రీడా లీగులు - ప్రేక్షకాదరణ

మహిళల జట్లు ఒక నిర్ణీత కాలంలో, ముందుగా ప్రకటించిన పట్టిక ప్రకారం పరస్పరం తలపడే పోటీల సముదాయాన్ని మహిళా క్రీడా లీగు అంటారు. 2016 తరువాత భారతదేశంలో కబడ్డీ, ఫుట్‌బాల్, క్రికెట్, హాకీ క్రీడలలో ఇటువంటి లీగులు వెలిశాయి. దాదాపు ఇదే కాలంలో ఆస్ట్రేలియాలో ఆ దేశపు సొంత ఫుట్‌బాల్‌కు మహిళా లీగు ఏర్పడింది. కొత్తగా వచ్చిన ఈ లీగులను ప్రేక్షకులు ఏ విధంగా స్వీకరించారు, ఆ ఆదరణ కొన్నిచోట్ల నిలిచి కొన్నిచోట్ల నిలవకపోవడానికి కారణాలు ఏమిటి అనే విషయాలను తెలుగు రాష్ట్రాల దృష్టితో, ముఖ్యంగా నిజామాబాదు జిల్లా దృష్టితో ఈ వ్యాసం వివరిస్తుంది.

మహిళల ఆటలను చూసేవారు లేరు కనుక లీగులు లేవని ఒక వాదన చాలాకాలంగా ఉంది. చూసే వీలు కల్పించిన చోట ప్రేక్షకులు పెద్ద సంఖ్యలో వచ్చినట్లు చరిత్ర చెబుతోంది. వచ్చిన ప్రేక్షకులను నిలుపుకోవడంలోనే లీగుల మధ్య తేడా కనిపిస్తుంది.

నేపథ్యం

మహిళల ఆటలకు జనం రావడం కొత్త విషయం కాదు. ఇంగ్లాండులో మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కర్మాగారాలలో పనిచేసిన స్త్రీలు ఫుట్‌బాల్ జట్లుగా ఏర్పడ్డారు. వాటిలో ప్రెస్టన్ పట్టణానికి చెందిన డిక్ కెర్ జట్టు ప్రసిద్ధమైనది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరంలోని గుడిసన్ పార్కులో ఆ జట్టు ఆడిన ఆటను సుమారు 53,000 మంది చూశారు. లోపల చోటు లేక వేలాదిమంది బయట ఉండిపోయారు. ఒక సంవత్సరం తిరగకముందే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లాండు ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాలలో మహిళల ఆటలను నిషేధించింది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్లు కొనసాగింది. అక్కడ ఆట ఆగిపోవడానికి కారణం ప్రేక్షకుల కొరత కాదు, మైదానం దొరకకపోవడం.

తెలుగునాట కూడా మహిళల క్రీడలకు పాత చరిత్రే ఉంది. 1978లో భారతదేశంలో జరిగిన మహిళల క్రికెట్ ప్రపంచ కప్పులో చివరి ఆట ఆస్ట్రేలియా, ఇంగ్లాండుల మధ్య హైదరాబాదులోని లాల్ బహదూర్ క్రీడామైదానంలో జరిగింది. భారత జట్టుకు నాయకత్వం వహించిన పూర్ణిమా రావు, మిథాలీ రాజ్ ఇద్దరూ హైదరాబాదు క్రికెట్ నుండి వచ్చినవారే. 2017 జూలై 23న లార్డ్స్ మైదానంలో ఇంగ్లాండుతో జరిగిన ప్రపంచ కప్పు ఫైనలులో మిథాలీ రాజ్ నాయకత్వంలోని భారత జట్టు 9 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఓడినప్పటికీ ఆ ఆట దేశంలో మహిళా క్రికెట్‌కు పెద్ద ఎత్తున కొత్త ప్రేక్షకులను తెచ్చింది.

మహిళా కబడ్డీ ఛాలెంజ్ (2016)

తెలుగు పల్లెలలో చెడుగుడు అని పిలువబడే కబడ్డీ, పాఠశాల ఆటస్థలాలలో బాలబాలికలు ఇద్దరూ ఆడే ఆట. దీనికి గీసిన గీత తప్ప వేరే సామగ్రి అవసరం లేదు. 2014లో పురుషుల ప్రో కబడ్డీ లీగు ప్రారంభమైన తరువాత ఈ ఆట టెలివిజన్ ద్వారా కొత్త ప్రజాదరణ పొందింది. తెలుగు టైటాన్స్ జట్టు హైదరాబాదు, విశాఖపట్నం నగరాలలో ఆడింది. ఆ జట్టులో పేరు తెచ్చుకున్న రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్‌కు చెందినవాడు. అయినా జట్టు పేరులో తెలుగు అన్న మాట ఉన్నందున ఇక్కడి ప్రేక్షకులు అతనిని తమవాడిగానే భావించారు.

2016లో ప్రో కబడ్డీ నాలుగవ సీజనుతో పాటు మహిళా కబడ్డీ ఛాలెంజ్ పేరుతో ఒక పోటీ నిర్వహించారు. ఇందులో ఫైర్ బర్డ్స్, ఐస్ దివాస్, స్టార్మ్ క్వీన్స్ అనే 3 జట్లు పాల్గొన్నాయి. మమతా పూజారి, అభిలాషా మ్హాత్రే, తేజస్విని బాయి వంటి అంతర్జాతీయ క్రీడాకారిణులు నాయకత్వం వహించారు. ఫైనలు 2016 జూలై 31న హైదరాబాదులోని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో, పురుషుల ఫైనలు జరిగిన రోజునే జరిగింది. స్టార్మ్ క్వీన్స్ జట్టు ఫైర్ బర్డ్స్‌పై 24-23 తేడాతో, అనగా ఒకే ఒక పాయింటుతో, గెలిచింది.

ఇంత ఉత్కంఠతో ముగిసినప్పటికీ ఈ పోటీ మరుసటి సంవత్సరం కొనసాగలేదు. ఇక్కడ గమనించదగిన విషయం జట్ల పేర్లు. మూడింటిలో ఏ ఒక్క పేరూ ఒక ఊరికిగాని, రాష్ట్రానికిగాని, పాత క్లబ్బుకుగాని చెందినది కాదు. హైదరాబాదు ప్రేక్షకుడు ఆ రోజు మంచి ఆటను చూడగలిగాడు కాని, ఇది మా జట్టు అని చెప్పుకునే వీలు లేదు. మహిళా కబడ్డీలో భారత జట్టు 2010, 2014 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు గెలిచింది. 2018లో ఇరాన్ చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నా, 2023లో హాంగ్‌ఝౌలో చైనీస్ తైపీపై 26-25తో గెలిచి స్వర్ణాన్ని తిరిగి పొందింది. కనుక ఆ పోటీ ఆగిపోవడానికి క్రీడాకారిణుల ప్రతిభలో లోపం కారణమని చెప్పలేము.

ఆస్ట్రేలియా మహిళా ఫుట్‌బాల్ లీగు (2017)

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్‌కు భిన్నమైనది. దీనిని కోడిగుడ్డు ఆకారంలోని బంతితో, క్రికెట్ ఆడే గుండ్రని పెద్ద మైదానాలలో ఆడతారు. బంతిని కాలితో తన్నవచ్చు, చేతితో పట్టవచ్చు, పిడికిలితో కొట్టి సహచరునికి అందించవచ్చు. మైదానపు రెండు చివరల నాలుగేసి స్తంభాలు ఉంటాయి. నడిమి రెండు స్తంభాల మధ్య నుండి బంతిని తన్నితే 6 పాయింట్లు, పక్క స్తంభాల మధ్య నుండి పోతే 1 పాయింటు. పురుషుల ఆటలో మైదానంలో 18 మంది, మహిళల లీగులో 16 మంది ఆడతారు. ఒకరినొకరు పట్టి పడవేసుకునే ఆట కావడం వలన ఇది స్త్రీలకు తగదనే అభిప్రాయం అక్కడ చాలాకాలం ఉండేది.

మహిళల లీగు 2017 ఫిబ్రవరి 3న మెల్‌బోర్న్ నగరంలోని ప్రిన్సెస్ పార్కులో ప్రారంభమైంది. తొలి ఆట కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ జట్ల మధ్య జరిగింది. మొదట దీనిని ఒక చిన్న మైదానంలో జరపాలనుకున్నారు. ప్రజల ఆసక్తిని చూసి ప్రిన్సెస్ పార్కుకు మార్చారు. ప్రవేశం ఉచితం. 24,568 మంది లోపలికి చేరిన తరువాత గేట్లు మూసివేయవలసి వచ్చింది. లోపలికి రాలేకపోయిన వారికి లీగు ముఖ్య కార్యనిర్వహణాధికారి గిలన్ మెక్‌లాక్లన్ స్వయంగా బయటికి వచ్చి క్షమాపణ చెప్పాడు. ఆ ఆటలో కార్ల్‌టన్ 46-11తో గెలిచింది. డార్సీ వెసియో 4 గోల్స్ చేసింది.

కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ క్లబ్బులు 19వ శతాబ్దంలో ఏర్పడినవి. తరతరాలుగా ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క క్లబ్బుకు విధేయంగా ఉండే ఆ నగరంలో, మహిళల జట్లు అవే రంగుల దుస్తులతో దిగాయి. అందువలన ప్రేక్షకులు కొత్త జట్టును పరిచయం చేసుకునే అవసరం లేకపోయింది, పాత జట్టుకే కొత్త క్రీడాకారిణులు వచ్చినట్లయింది. 2019 మార్చి 31న అడిలైడ్ ఓవల్‌లో జరిగిన ఫైనలుకు 53,034 మంది హాజరయ్యారు.

స్పందన అంతా అనుకూలంగా లేదు. గోల్స్ తక్కువగా వస్తున్నాయని, ఆట ఒకేచోట గుమిగూడుతోందని విమర్శలు వచ్చాయి. 2019 మార్చిలో టేలా హారిస్ అనే క్రీడాకారిణి బంతిని తన్నుతున్న ఛాయాచిత్రం అంతర్జాలంలో వెలువడినప్పుడు దానిపై అసభ్యమైన వ్యాఖ్యలు వచ్చాయి. వాటిని కట్టడి చేయలేక చిత్రాన్ని ప్రచురించిన టెలివిజన్ సంస్థ దానిని తొలగించింది. వ్యాఖ్యాతలను వదిలి చిత్రాన్ని తీసివేయడమేమిటని నిరసన వ్యక్తం కావడంతో సంస్థ క్షమాపణ చెప్పి చిత్రాన్ని తిరిగి ప్రచురించింది. అదే సంవత్సరం ఆ భంగిమలో ఆమె కాంస్య విగ్రహాన్ని మెల్‌బోర్న్‌లో ఆవిష్కరించారు.

8 జట్లతో మొదలైన లీగు 2022 నాటికి 18 జట్లకు విస్తరించింది. అయితే ఆటల సంఖ్య పెరగడం, ప్రవేశానికి రుసుము పెట్టడం, పోటీ కాలాన్ని మార్చడం వంటి కారణాలతో సగటు హాజరు తొలి సంవత్సరం స్థాయిలో నిలవలేదు. అయినా లీగు ఆగలేదు.

భారత మహిళా ఫుట్‌బాల్ లీగు (2017)

ఆస్ట్రేలియాలో లీగు ప్రారంభం కావడానికి 6 రోజుల ముందు, 2017 జనవరి 28న, ఢిల్లీలోని అంబేద్కర్ స్టేడియంలో ఇండియన్ విమెన్స్ లీగ్ ప్రారంభమైంది. తుది దశలో ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్, రైజింగ్ స్టూడెంట్ క్లబ్, జెప్పియార్ ఇన్‌స్టిట్యూట్, అలఖ్‌పురా, ఐజ్వాల్, పూణే సిటీ అనే 6 జట్లు ఆడాయి. ఫిబ్రవరి 14న జరిగిన ఫైనలులో మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ 3-0తో ఒడిశాకు చెందిన రైజింగ్ స్టూడెంట్ క్లబ్‌ను ఓడించింది.

రెండు లీగులూ ఒకే వారంలో పుట్టినా వాటికి లభించిన ఆదరణలో పోలిక లేదు. మణిపూర్, ఒడిశా, తమిళనాడు, హర్యానా, మిజోరం, మహారాష్ట్ర జట్లన్నీ ఢిల్లీలోని ఒకే మైదానంలో ఆడాయి. ఆ జట్ల అభిమానులు ఉన్నది వందల మైళ్ల దూరంలో. తరువాతి సంవత్సరాలలో పోటీని షిల్లాంగ్, లూధియానా, బెంగుళూరు, అహమ్మదాబాదు వంటి నగరాలకు తిప్పారు తప్ప, జట్లు తమ ఊరిలో ఆడే పద్ధతి రాలేదు. 2023-24 సీజనులో మాత్రమే 7 జట్లతో సొంత మైదానం, ప్రత్యర్థి మైదానం అనే పద్ధతి అమలులోకి వచ్చింది. అప్పటికి లీగు మొదలై 7 సంవత్సరాలు గడిచాయి.

గోకులం కేరళ, ఒడిశా, ఈస్ట్ బెంగాల్ వంటి క్లబ్బులు మహిళా జట్లను ఏర్పరచిన తరువాత పరిస్థితి కొంత మారింది. గోకులం కేరళ 2019-20, 2021-22, 2022-23 సీజన్లలో విజేతగా నిలిచింది. 2023-24లో ఒడిశా, 2024-25లో ఈస్ట్ బెంగాల్ గెలిచాయి. 2024-25లో ఆడిన 8 జట్లలో తెలుగు రాష్ట్రాలకు చెందిన జట్టు ఒక్కటీ లేదు. కాని ఆ సంవత్సరం విజేత జట్టులో నిజామాబాదుకు చెందిన క్రీడాకారిణి ఉంది. ఆమె గురించి నిజామాబాదు జిల్లా విభాగంలో చూడవచ్చు.

మహిళా ప్రీమియర్ లీగు (2023)

తొలి ప్రయత్నాలు

మహిళా క్రికెట్ లీగుకు ముందు కొన్ని ప్రదర్శన పోటీలు జరిగాయి. 2018 మే 22న, మంగళవారం, ముంబయిలోని వాంఖడే స్టేడియంలో పురుషుల ఐపీఎల్ ఆటకు ముందు మధ్యాహ్నం 2 గంటలకు సూపర్‌నోవాస్, ట్రెయిల్‌బ్లేజర్స్ జట్ల మధ్య ఒక ఆట జరిపారు. పనిదినాన, నడివేసవి ఎండలో జరిగిన ఆ ఆటకు ప్రేక్షకులు చాలా తక్కువగా వచ్చారు. 2019లో వెలాసిటీ అనే మూడవ జట్టును చేర్చి జైపూరులో, 2020లో షార్జాలో, 2022లో పూణేలో ఈ పోటీని నిర్వహించారు. 2021లో జరగలేదు. కబడ్డీలో వలెనే ఇక్కడ కూడా 3 జట్లు, ఏ ఊరికీ చెందని పేర్లు.

ప్రారంభం

2023 జనవరిలో ఈ పద్ధతి మారింది. భారత క్రికెట్ నియంత్రణ మండలి ముంబయి, ఢిల్లీ, బెంగుళూరు, అహమ్మదాబాదు, లక్నో నగరాల పేరిట 5 జట్లను వేలం వేసింది. మొత్తం 4,669.99 కోట్ల రూపాయలు వచ్చాయి. 5 సంవత్సరాల ప్రసార హక్కులు 951 కోట్లకు అమ్ముడుపోయాయి. ఫిబ్రవరి 13న జరిగిన క్రీడాకారిణుల వేలంలో స్మృతి మంధానను బెంగుళూరు జట్టు 3.40 కోట్లకు తీసుకుంది.

తొలి ఆట 2023 మార్చి 4న నవీ ముంబయిలోని డి.వై.పాటిల్ స్టేడియంలో జరిగింది. ముంబయి ఇండియన్స్ 5 వికెట్లకు 207 పరుగులు చేసి, గుజరాత్ జెయింట్స్‌ను 64 పరుగులకే ఆలౌట్ చేసింది. ఆ సీజనులోని 22 ఆటలూ నవీ ముంబయి, ముంబయిలోని రెండు స్టేడియంలలోనే జరిగాయి. స్త్రీలకు, బాలికలకు ప్రవేశం ఉచితం, ఇతరులకు టిక్కెట్ల ధరలు తక్కువ. అంతర్జాలంలో ప్రసారాన్ని రుసుము లేకుండా చూసే వీలు కల్పించారు. మార్చి 26న బ్రబోర్న్ స్టేడియంలో జరిగిన ఫైనలులో ముంబయి 7 వికెట్ల తేడాతో ఢిల్లీని ఓడించింది.

బెంగుళూరు అభిమానులు

2024లో పోటీని బెంగుళూరు, ఢిల్లీ నగరాలలో నిర్వహించారు. బెంగుళూరు చిన్నస్వామి స్టేడియంలో సొంత జట్టు ఆడిన రోజులలో ప్రేక్షకులు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఆ నగరపు పురుషుల జట్టు 2008 నుండి ఆడుతున్నా అప్పటికి ఒక్కసారి కూడా ఐపీఎల్ కప్పు గెలవలేదు. ఈసారి కప్పు మనదే అని ప్రతి ఏటా కన్నడంలో చెప్పుకోవడం అక్కడి అభిమానులకు ఆనవాయితీ. 2024 మార్చి 17న ఢిల్లీలో జరిగిన ఫైనలులో మహిళల జట్టు 8 వికెట్ల తేడాతో గెలిచి ఆ నినాదాన్ని నిజం చేసింది. పురుషుల జట్టు తొలి కప్పును 2025 జూన్ 3న గాని గెలవలేకపోయింది. ఆ విధంగా ఒక క్లబ్బు అభిమానులు 16 ఏళ్లుగా ఎదురుచూసిన విజయాన్ని మొదట అందించినది మహిళలు.

2025 మార్చి 15న బ్రబోర్న్ స్టేడియంలో జరిగిన ఫైనలులో ముంబయి 8 పరుగుల తేడాతో ఢిల్లీపై గెలిచి రెండవసారి విజేత అయింది. 2026 సీజను నవీ ముంబయి, వడోదరలలో జరిగింది.

తెలుగు క్రీడాకారిణులు

మహిళా ప్రీమియర్ లీగులో హైదరాబాదు పేరిటగాని, విశాఖపట్నం పేరిటగాని జట్టు లేదు. కనుక ఇక్కడి అభిమానులు జట్టును కాక క్రీడాకారిణిని అనుసరించవలసి వచ్చింది. ఈ లీగు జట్లకు ఎంపికైన తెలుగు క్రీడాకారిణులలో కొందరు:

* అరుంధతి రెడ్డి - హైదరాబాదు. 2023లో ఢిల్లీ జట్టుకు ఎంపికైంది.
* సబ్బినేని మేఘన - విజయవాడ. 2023లో గుజరాత్, 2024లో బెంగుళూరు జట్టు. 2024లో ఉత్తరప్రదేశ్ జట్టుపై 53 పరుగులు చేసింది.
* అంజలి శర్వాణి - ఆదోని. 2023లో ఉత్తరప్రదేశ్ జట్టు 55 లక్షలకు తీసుకుంది.
* స్నేహ దీప్తి - విశాఖపట్నం. 2013లో భారత జట్టుకు ఆడింది. తల్లి అయిన తరువాత తిరిగి వచ్చి 2023లో ఢిల్లీ జట్టుకు ఎంపికైంది.
* షబ్నం షకీల్ - విశాఖపట్నం. గుజరాత్ జట్టు.
* శ్రీ చరణి - కడప జిల్లా. 2025లో ఢిల్లీ జట్టుకు ఆడింది. అదే సంవత్సరం భారత జట్టులో స్థానం సంపాదించింది.
* గొంగడి త్రిష - భద్రాచలం. 2025 ఫిబ్రవరిలో ముగిసిన 19 ఏళ్లలోపు మహిళల ప్రపంచ కప్పులో ఉత్తమ క్రీడాకారిణి. 2026 సీజనుకు ఉత్తరప్రదేశ్ జట్టు తీసుకుంది.

2025 మహిళల ప్రపంచ కప్పులో భారత జట్టు విశాఖపట్నంలో అక్టోబరు 9న దక్షిణాఫ్రికాతో, 12న ఆస్ట్రేలియాతో ఆడింది. రెండు ఆటలలోను ఓడిపోయింది. ఈ సందర్భంలోనే అక్కడి స్టేడియంలో మిథాలీ రాజ్, రావి కల్పనల పేర్లను ప్రేక్షకుల గ్యాలరీలకు పెట్టారు. నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాపై 52 పరుగుల తేడాతో గెలిచి భారత్ తొలిసారి కప్పు సాధించింది. 14 వికెట్లు తీసిన శ్రీ చరణికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2.5 కోట్ల రూపాయల నజరానా ప్రకటించింది.

నిజామాబాదు జిల్లా

నిజామాబాదు జిల్లాలో ప్రొఫెషనల్ లీగు జట్టుగాని, అటువంటి పోటీలు జరిగే స్టేడియంగాని లేవు. గోదావరి తెలంగాణలో ప్రవేశించే కందకుర్తి ఉన్న రెంజల్ మండలం నుండి హైదరాబాదుకు సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణించాలి. బోధన్ పరిసరాలలోని చెరకు పండించే గ్రామాలవారికి ఈ లీగులు టెలివిజన్‌లో, సెల్‌ఫోనులో చూసేవే. కనుక ప్రసారం ఉచితంగా అందుతుందా, ఆట ఏ వేళకు మొదలవుతుంది అనే విషయాలే ఇక్కడి ఆదరణను నిర్ణయిస్తాయి. సాయంత్రపు ఆట పొలం పని, బడి ముగిసిన తరువాత చూడటానికి వీలైనది. మధ్యాహ్నపు ఆటకు ఆ వీలు లేదు.

ఇంత దూరంలో ఉన్నప్పటికీ ఈ జిల్లా పేరు దేశానికి తెలిసేటట్లు చేసినవారిలో బాలికలే ముందున్నారు. పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో, ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. 1996లో నిజామాబాదులో జన్మించిన నిఖత్ జరీన్ బాలురతో కలిసి బాక్సింగ్ సాధన చేసి, 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లోను, 2023 మార్చి 26న ఢిల్లీలోను ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణ పతకాలు గెలిచింది. 2022 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కాంస్యం కూడా ఆమె సాధించింది.

లీగు పోటీలకు సంబంధించి ఈ జిల్లాకు ప్రధానమైన పేరు గుగులోత్ సౌమ్య. 2001లో జన్మించిన ఈమె గోకులం కేరళ, తరువాత ఈస్ట్ బెంగాల్ జట్లకు ఆడింది. క్రొయేషియాలోని దినమో జాగ్రెబ్ మహిళా జట్టుకు కూడా ఎంపికైంది. 2025 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో ఒడిశా జట్టుపై ఆమె చేసిన ఏకైక గోలుతో ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచి లీగు విజేత అయింది. 2024-25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ప్రకటించింది. ఆ గోలుకు ఆనందించిన ఈస్ట్ బెంగాల్ అభిమానులు 1920లో ఏర్పడిన తమ క్లబ్బు విజయంగా దానిని భావించారు. నిజామాబాదు బాలిక ప్రతిభకు సొంత మైదానపు కేరింతలు బెంగాల్‌లో లభించాయి.

పతకం గెలిచి వచ్చినవారికి స్వాగతం పలకడం వేరు, గెలుపోటములు తెలియకముందే ఆట చూడటానికి రావడం వేరు. మొదటిది ఒక్క రోజు ఉత్సవం. రెండవది వారం వారం కొనసాగే అలవాటు. ఊరేగింపులు, నజరానాలు తెలుగునాట కొరవడలేదు. కాని ఆ అలవాటు ఏర్పడటానికి అవసరమైన సొంత జట్టు ఇక్కడ లేదు. ఆటను చూసే పాఠశాల బాలికకు తాను ఎక్కడ ఆడగలదో చూపించేది పతకం కంటే ఎక్కువగా లీగే. పతకం అతి కొద్దిమందికి దక్కుతుంది, లీగు జట్టులో అనేకులకు చోటు ఉంటుంది.

విమర్శలు, సమాధానాలు

కొత్త మహిళా లీగులపై అన్ని దేశాలలోను దాదాపు ఒకే రకమైన విమర్శలు వచ్చాయి.

* ఆట స్థాయి తక్కువ: వేగం, బలం విషయాలలో పురుషుల ఆటతో పోల్చి ఈ మాట అంటారు. మహిళా ప్రీమియర్ లీగులో బౌండరీ దూరం తగ్గించడంపై కూడా ఇటువంటి వ్యాఖ్యలు వచ్చాయి. దశాబ్దాలుగా శిక్షణ, జీతభత్యాలు పొందుతున్న వ్యవస్థను నిన్న మొన్న మొదలైన దానితో పోల్చడం సరికాదని సమర్థకుల సమాధానం.
* ఉచిత ప్రవేశం: ఉచితంగా వచ్చిన జనం నిజమైన ఆదరణకు కొలమానం కాదని విమర్శ. ఆస్ట్రేలియాలో రుసుము పెట్టిన తరువాత హాజరు తగ్గడం ఈ వాదనకు బలం ఇస్తుంది. టిక్కెట్లు అమ్మిన 2025 ప్రపంచ కప్పు ఫైనలుకు స్టేడియం నిండిపోవడం దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ.
* పురుషుల జట్ల నీడ: పాత క్లబ్బు పేరు వాడుకోవడం వలన మహిళలకు స్వతంత్ర గుర్తింపు రాదని కొందరి అభిప్రాయం. స్వతంత్రమైన పేర్లతో వచ్చిన కబడ్డీ ఛాలెంజ్ ఒక్క ఏడాదితో ఆగిపోయిందన్నది రెండవ పక్షం చెప్పే మాట.
* అసభ్య వ్యాఖ్యలు: ఇవి విమర్శ కిందికి రావు. అయితే క్రీడాకారిణులు, వారి కుటుంబాలు వెనుకంజ వేయడానికి ఇవి కారణం కాగలవు.

ఆదరణను నిర్ణయించే అంశాలు

పై లీగులను పోల్చి చూసినప్పుడు ఈ క్రింది అంశాలు ముఖ్యంగా కనిపిస్తాయి.

# జట్టు పేరు: ఒక ఊరు లేదా ఒక క్లబ్బు పేరు ఉన్న జట్లకు అభిమానులు త్వరగా దగ్గరయ్యారు.
# సొంత మైదానం: పోటీలన్నీ ఒకేచోట జరిపితే ఖర్చు తగ్గుతుంది. కాని మిగిలిన జట్ల అభిమానులు దూరమవుతారు.
# సమయం: పనిదినాన మధ్యాహ్నం జరిపిన ఆటకు జనం రాకపోతే, దానిని ఆదరణ లేకపోవడంగా లెక్కించలేము.
# ప్రసారం: స్టేడియంకు దూరంగా ఉన్న జిల్లాలకు ప్రసారమే మైదానం.
# కొనసాగింపు: ఒకే సంవత్సరం జరిగే పోటీ వార్త అవుతుంది. ప్రతి సంవత్సరం జరిగేది అలవాటు అవుతుంది. కబడ్డీకి, మిగిలిన లీగులకు ఉన్న ప్రధానమైన తేడా ఇదే.

కాలక్రమం

* 1920 డిసెంబరు 26 - గుడిసన్ పార్కులో మహిళల ఫుట్‌బాల్‌కు సుమారు 53,000 మంది హాజరు
* 1978 - హైదరాబాదులో మహిళల క్రికెట్ ప్రపంచ కప్పు చివరి ఆట
* 2016 జూలై 31 - హైదరాబాదులో మహిళా కబడ్డీ ఛాలెంజ్ ఫైనలు
* 2017 జనవరి 28 - భారత మహిళా ఫుట్‌బాల్ లీగు ప్రారంభం
* 2017 ఫిబ్రవరి 3 - ఆస్ట్రేలియా మహిళా ఫుట్‌బాల్ లీగు ప్రారంభం
* 2023 మార్చి 4 - మహిళా ప్రీమియర్ లీగు ప్రారంభం
* 2025 జనవరి - రాంచీలో 4 జట్లతో మహిళల హాకీ ఇండియా లీగు ప్రారంభం
* 2025 ఏప్రిల్ - గుగులోత్ సౌమ్య గోలుతో ఈస్ట్ బెంగాల్‌కు లీగు విజయం
* 2025 నవంబరు 2 - భారత మహిళా క్రికెట్ జట్టుకు తొలి ప్రపంచ కప్పు

ఇవి కూడా చూడండి

* కబడ్డీ
* నిఖత్ జరీన్
* గుగులోత్ సౌమ్య
* మిథాలీ రాజ్
* నిజామాబాదు జిల్లా
* రెంజల్ మండలం